ఊరు లేని బిడ్డకు టీకా

ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల మండలాల ఆరోగ్య ఉపకేంద్రాల్లో గోడకు అంటించే టీకాల మ్యాపును కాస్త దగ్గరగా చూడాలి. అది సర్వే శాఖ అచ్చువేసింది కాదు. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు కూర్చుని చేత్తో గీసుకున్నది. కొలతలు కుదరవు, వాగు ఒక్కోసారి రోడ్డుకన్నా వెడల్పుగా కనిపిస్తుంది. అయినా బడి ఎక్కడ, రామాలయం ఎక్కడ, అంగన్‌వాడీ ఎక్కడ, నీళ్ల ట్యాంకు ఎక్కడ అన్నది కొత్తగా వచ్చిన మనిషికి కూడా ఇట్టే తెలిసిపోతుంది. వాటి మధ్య విడిగా కొన్ని గుర్తులు పెట్టి ఉంటాయి: ఇటుక బట్టీ, పామాయిల్ తోటలో కూలీల షెడ్డు, పొగాకు బ్యారన్ పక్కన గుడిసెలు, అడవి లోపల వలస ఆదివాసీల గూడెం. రెవెన్యూ రికార్డుల్లో వీటిలో చాలావాటికి పేరు లేదు. అక్కడి మనుషులు ఓటర్ల జాబితాలో ఉండరు, రేషన్ డీలరు దగ్గర ఉండరు. టీకాల మ్యాపులో మాత్రం ఉండి తీరాలి. ఆ గుర్తుల వెనక ఉన్న పనితనం గురించే ఈ వ్యాసం.

ఏలూరు జిల్లాకు వలస కొత్త కాదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ పల్లెలు ఖాళీ అయ్యాయి. అటు మావోయిస్టులు, ఇటు సల్వాజుడుం, నడుమ బతకలేక వేలాది ఆదివాసీ కుటుంబాలు అప్పటి ఖమ్మం, గోదావరి ఏజెన్సీ అడవుల్లోకి వచ్చి పోడు కొట్టుకుని గుడిసెలు వేసుకున్నాయి. మనవాళ్లు వారిని గుత్తికోయలు అంటారు. వారు దాటింది రాష్ట్రం సరిహద్దే, దేశం సరిహద్దు కాదు. అందుకని శరణార్థులుగా ఏ అంతర్జాతీయ రక్షణా వర్తించదు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డు తెగే అయినా ఇక్కడ ఆ గుర్తింపు దొరకదు. ఇక పోలవరం ముంపు గ్రామాల నుంచి కదిలిన కుటుంబాలకు జంగారెడ్డిగూడెం మండలం తాడువాయి దగ్గర పునరావాస కాలనీ వెలిసింది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి నువాఖాయి పండుగ అయ్యాక పిల్లాపాపలతో బయల్దేరి తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు చేరేవారు మళ్లీ తొలకరికి వెళ్లిపోతారు. దిగువన కొల్లేరు వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా కుటుంబాలు గుడిసెల్లో ఉంటాయి. ఒక్కో వలసకు ఒక్కో కాలం, ఒక్కో భాష, ఒక్కో భయం. పుట్టిన బిడ్డకు ఆరో వారం నిండటం మాత్రం అందరికీ ఒకేలా వస్తుంది.

మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది దాని గడప ఎంత తక్కువ ఎత్తులో ఉందన్నదే. బిడ్డ ఏ ఊరిదన్న రుజువు అక్కర్లేదు. కార్డు ఉండాల్సిన పనిలేదు. తండ్రి పేరు తేలకపోయినా ఫర్వాలేదు. టీకా రోజున బిడ్డ ఎక్కడ ఉంటే అక్కడే, ఉచితంగా. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, శరణార్థులకంటూ మనకు ప్రత్యేక చట్టమూ లేదు. అయినా బిడ్డకు టీకా వేసేటప్పుడు పౌరసత్వం అడగాలన్న నియమం ఈ కార్యక్రమంలో ఎక్కడా లేదు. హక్కుల గురించి గొప్ప ప్రకటనలేవీ లేకుండానే ఒక పాత ఆరోగ్య కార్యక్రమం ఇంత మంచి పని చేస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్, యూనిసెఫ్ కలిసి 2015లో వలసదారుల టీకాలపై ఉమ్మడి ప్రకటన ఇచ్చాయి. వచ్చినవారికి ఆలస్యం చేయకుండా, ఆశ్రయం ఇచ్చిన దేశపు పట్టిక ప్రకారమే టీకాలు వేయాలని అందులో చెప్పాయి. వ్యాధి ప్రబలినప్పుడు తప్ప సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర టీకాలు వద్దన్నాయి. కారణం సూటిగా ఉంది. చాలా టీకాలకు ఒక డోసు చాలదు. సరిహద్దులో మొదటి డోసు వేసి పంపితే రెండోది ఎవరు వేస్తారు? మనిషి ఆగిన చోట వేస్తేనే వరస పూర్తవుతుంది, వేసినట్టు కాగితం చేతికిస్తేనే తర్వాతి చోట మళ్లీ మొదటికి రాకుండా ఉంటుంది. ఈ రెండు పనులనూ ఆ ప్రకటనకు ఎంతో ముందునుంచే మన ఏఎన్‌ఎంలు చేసుకొస్తున్నారు.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలకు ఈ టీకా కాగితం రెండో ముఖం తెలుసు. అక్కడ యూనివర్సిటీలో చేరాలంటే ఎంఎంఆర్ రెండు డోసుల రుజువు కావాలంటారు, గ్రీన్‌కార్డు వైద్యపరీక్షలో టీకాల జాబితా మొత్తం చూస్తారు. తాడేపల్లిగూడెంలో అమ్మానాన్నలు బీరువాలు తిరగేసి పాత కార్డు ఫొటో తీసి పంపిన సందర్భాలు మన ఇళ్లలో కొల్లలు. అక్కడ టీకా లోపలికి రావడానికి షరతు. ఇక్కడ బట్టీ కూలీ బిడ్డకు ఏ షరతూ లేకుండా అందేది. రెండు విధానాల లక్ష్యం వ్యాధిని ఆపడమే కావచ్చు, కానీ ఇచ్చే చేతి తీరు వేరు. నా మనసు రెండోదాని వైపే మొగ్గుతుంది.

గడప తక్కువగా ఉన్నా గడప దాకా బిడ్డ రావాలి కదా. అసలు చిక్కు అక్కడుంది, అది పైకి కనపడదు. మైదానంలో ఉపకేంద్రానికి 5000 జనాభా, ఏజెన్సీలో 3000 అన్నది లెక్క. ఆ జనాభాను బట్టే ఈ ఏడాది ఎంతమంది పసిపిల్లలు ఉండాలో లక్ష్యం వస్తుంది. వలస బిడ్డ ఆ లెక్కలో లేడు. వాడిని వెతికి జాబితాలో రాసుకుంటే ఏఎన్‌ఎంకు పని పెరుగుతుంది, వాడు మధ్యలో వెళ్లిపోతే రికార్డులో వరస తెగినట్టు మిగులుతుంది. వెతకకపోతే ఎవరూ అడగరు, లక్ష్యం పూర్తయినట్టే కనిపిస్తుంది. అంటే ఈ పని చేసేవాళ్లు తమ అంకెలు చెడిపోతాయని తెలిసి కూడా చేస్తున్నారు. విధానాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

వెతకడంలోనే సగం విద్య ఉంది. బట్టీకి పగలు వెళితే ఆడవాళ్లు మట్టిలో ఉంటారు, పిల్లలు ఏ చెట్టు కిందో నిద్రపోతుంటారు, మేస్త్రి ముందు ఎవరూ నోరు విప్పరు. వంట వేళకు వెళితే పొయ్యిల దగ్గర అందరూ దొరుకుతారు. అడవి గూడేల వాళ్లయితే సంత రోజున వాళ్లంతట వాళ్లే కిందికి దిగుతారు. పనికి వెళ్లే వేళ, కూలి డబ్బులు పంచే రోజు, సంత, వీటన్నిటినీ కలిపి చూసి టీకా రోజు ఖాయం చేసుకోవాలి. మన రాష్ట్రంలో బుధవారం, శనివారం టీకాల రోజులని తల్లులందరికీ తెలుసు. బట్టీలో కొత్తగా దిగిన ఒడియా తల్లికి తెలియదు. ఆమెకు ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి, ఆమెకు అర్థమయ్యే మాటల్లో.

తర్వాత వయసు. పుట్టిన తేదీ కాగితం ఉండదు. కోయ తల్లి పక్కన కూర్చుని, మాట తెలిసిన ఆశా కార్యకర్తను నడుమ పెట్టుకుని అడిగితే సంభాషణ ఇలా సాగుతుంది.

"పాప ఎప్పుడు పుట్టిందమ్మా?"

"ఇప్పపూలు రాలేటప్పుడు, సిస్టరమ్మా."

"భూమి పండుగకు ముందే కదా? అప్పటికి పాప కూర్చునేదా?"

"లేదు. ఒళ్లోనే ఉండేది."

ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. భూమి పండుగ తొలకరికి వస్తుంది. ఆ రెంటి నడుమ ఒళ్లో పాపాయి అంటే డిసెంబరు సంతకల్లా తొమ్మిది నెలలు దాదాపు నిండినట్టే, తట్టు, రుబెల్లా టీకాకు వేళయినట్టే. తల్లికి తేదీలు తెలియకపోవచ్చు, బిడ్డ ఎదిగిన ఒక్కో మెట్టూ గుర్తుంటుంది. ఆ జ్ఞాపకాన్ని గౌరవంగా అడిగి రాబట్టి, వారాల లెక్కలోకి మార్చుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని స్థానిక సంఘటనల క్యాలెండర్ అంటారు. చూస్తున్నంతసేపూ అది పక్కింటావిడతో కబుర్లలాగే ఉంటుంది.

వయసు తేలాక బిడ్డ ఒంటినే చదవాలి. ఎడమ భుజం మీద చిన్న మచ్చ ఉంటే బీసీజీ పడినట్టు. దేశమంతా ఆ టీకా ఎడమ భుజానికే వేస్తారు, ఎక్కడ పుట్టిన బిడ్డనైనా అక్కడే చూస్తే సరిపోతుంది. పెంటావలెంట్ ఎడమ తొడకు, న్యుమోకోకల్ కుడి తొడకు, తట్టు, రుబెల్లా కుడి భుజానికి. ఈ చోట్లు ఇలా ఖాయం చేయడంలో ఎంత ముందుచూపు ఉందో! ఎక్కడైనా వాచినా గడ్డకట్టినా ఏ టీకా వల్ల అన్నది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో చూసినా బుట్టాయగూడెంలో చూసినా ఒకేలా తెలుస్తుంది.

కార్డు లేదు, తల్లి చెప్పలేకపోతోంది. అప్పుడేం చేయాలి? వేయని బిడ్డగానే లెక్కించి వయసుకు తగినవి మొదలుపెట్టాలి. కార్డు ఉండి నడుమ నెలలు దాటిపోతే ఆగిన చోటు నుంచే సాగించాలి, మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు. వలస జీవితానికి ఇంతకన్నా దయగల నియమం లేదనిపిస్తుంది నాకు. ఆరో వారం డోసు బలంగీర్‌లో, పదో వారానిది రైల్లో పోయి, ఆర్నెల్లకు ఇక్కడ రెండో డోసు పడినా శరీరం మొదటిదాన్ని మరిచిపోదు. ఏడాది లోపు పెంటావలెంట్ మొదలుపెట్టవచ్చు. ఏడాది దాటిన బిడ్డకు ఏడేళ్ల దాకా డీపీటీ ఉంది. పోలియో చుక్కలకూ, తట్టు టీకాకూ అయిదేళ్ల వరకు తలుపు తెరిచే ఉంటుంది. "లేటయింది, ఇక లాభం లేదు" అన్న మాట ఏ తల్లికీ వినపడకుండా ఈ పట్టికను అల్లారు.

ఆ వరస తెగితే ఏమవుతుందో 2017లో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చూపించింది. మయన్మార్ నుంచి రోహింగ్యాలు లక్షల్లో వచ్చి పడ్డారు. అక్టోబరు నుంచి కలరా చుక్కల మందు 9 లక్షల డోసులు తెప్పించి వేశారు, కలరా అదుపులోనే ఉంది. కానీ ఆ ఏడాది చివరికల్లా శిబిరాల్లో కంఠవాతం (డిఫ్తీరియా) విజృంభించింది. కలరాను ఒక ఉద్యమంతో ఆపగలిగారు. కంఠవాతాన్ని ఆపేది పసితనంలో వరసగా పడే మూడు డోసులు, ఆ పిల్లలకు వాళ్ల ఊళ్లో అవి సరిగా పడలేదు. హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో ఉంటున్న రోహింగ్యా పిల్లలకైనా, ఇక్కడి గుత్తికోయ పిల్లలకైనా అంగన్‌వాడీలో పడే ఆ మామూలు సూదులే రక్ష.

ఇక పెట్టె గురించి. టీకాలు మోసే క్యారియర్ భుజానికి తగిలించుకునే చిన్న నీలం పెట్టె. లోపల నాలుగు వైపులా నాలుగు ఐస్‌ప్యాక్‌లు, మధ్యలో జిప్ కవర్లో సీసాలు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మనలాంటి ఎండల దేశంలో వేడే శత్రువు అనుకుంటాం. పోలియో చుక్కలకు, తట్టు టీకాకు అది నిజమే. పెంటావలెంట్‌కు మాత్రం గడ్డకట్టడం ప్రమాదం. ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు. అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను వెంటనే పెట్టెలో సర్దరు. బల్ల మీద పరిచి, పైన చెమట పట్టేదాకా ఆగి, చెవి దగ్గర ఊపి చూస్తారు. లోపల నీళ్ల చప్పుడు వినపడ్డాకే పెట్టెలో పెడతారు. ఉదయం పూట అందరూ హడావుడిగా ఉన్న వేళ, ఆ చప్పుడు కోసం ఆగే ఓపికలో పనిమంతురాలు తెలిసిపోతుంది. పోలవరం వైపు కొండదారి అయినా, కొల్లేరు లంకలకు పడవ ప్రయాణం అయినా, పొద్దుటి ఆ కాసేపటి మీదే రోజంతా ఆధారపడి ఉంటుంది.

సీసా మీద గుండ్రని గుర్తు, దాని మధ్య చిన్న చదరం ఉంటుంది. చదరం లేతగా ఉన్నంతకాలం టీకా మంచిది. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది, చుట్టూ ఉన్న రంగుతో సమానమైతే పారేయాలి. అడవిలో థర్మామీటర్ చూసుకునే వీలు లేని చోట సీసా తన కథ తానే చెప్పుకుంటుంది. బీసీజీ, తట్టు టీకాల పొడిలో ద్రావకం కలిపాక నాలుగు గంటలు దాటకూడదు. మిగిలింది పారబోయాల్సిందే. ఒక సీసాలో చాలా డోసులు ఉంటాయి, గూడెంలో ఆ రోజు ఉన్నది ఒక్క బిడ్డే. తెరవాలా? తెరవాలి. ఒక్క బిడ్డ ఉన్నా సీసా విప్పాల్సిందే, వట్టి చేతులతో పంపకూడదు. లెక్కలు రాసుకునే మనిషికి ఇది వృథాగా తోస్తుంది. కానీ వచ్చే బుధవారానికి ఆ కుటుంబం ఏ బట్టీలో ఉంటుందో ఎవరికి తెలుసు? వలస బిడ్డ విషయంలో పారబోసిన డోసులు ఖర్చులో భాగమే, నష్టం కావు.

సూది వేశాక అరగంట కూర్చోబెడతారు. ఈలోగా తల్లికి నాలుగు మాటలు చెప్పాలి: ఏ టీకా ఏ జబ్బుకు వేశాం, జ్వరం వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు పోగొట్టుకోవద్దు. చివరిది వలస తల్లికి చెప్పేటప్పుడు మంచి ఏఎన్‌ఎంలు ఒక మాట కలుపుతారు: "మీ ఊరు వెళ్లేటప్పుడు ఇది బట్టల మూటలో పెట్టుకో అమ్మా, అక్కడ చూపించు." తల్లీబిడ్డల రక్షణ కార్డుకు ఒక చీలిక కాగితం ఉంటుంది, అది చింపి ఏఎన్‌ఎం దగ్గర ఉంచుకుంటుంది. గోడకు వేలాడే గుడ్డ సంచికి 12 నెలలకు 12 జేబులు, పక్కన ఇంకో రెండు. బిడ్డ మళ్లీ రావాల్సిన నెల జేబులో ఆ చీలిక పెడతారు. నెల మొదట్లో ఆ జేబులో చేయి పెడితే ఎవరి ఇంటికి వెళ్లాలో తెలుస్తుంది. మిగిలిన రెండు జేబులూ టీకాలు పూర్తయినవాళ్లకు, ఊరు విడిచిపోయినవాళ్లకు. వలస పల్లెల్లో ఈ చివరి జేబు కూడా బతికే ఉంటుంది. కార్తీకమాసంలో బట్టీ మళ్లీ రాజుకోగానే ఆ చీలికలను తీసి ఒకసారి సరిచూసుకోవాలి.

ఈ పనితనం ఎక్కడ కుదిరిందంటే పోలియో రోజుల్లో. 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక బిడ్డ ఎడమ చిటికెన వేలికి సిరా గుర్తు, ఇంటి తలుపు మీద సుద్దతో పి గానీ ఎక్స్ గానీ రాసేవారు. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే పి, ఒక్కరు తప్పినా ఎక్స్. ఎక్స్ ఉన్న ఇంటికి మళ్లీ వెళ్లాల్సిందే. తలుపు లేని గుడిసె సంగతేమిటి? బస్టాండులో, రైల్లో తిరిగే బిడ్డ సంగతేమిటి? బట్టీలు, నిర్మాణాల దగ్గరి గుడారాలు, సంచార జాతుల మకాములు, వీటిని విడిగా జాబితాకెక్కించడం ఆ అవసరంలోంచి పుట్టింది. 2011 జనవరి 13న హౌరాలో చివరి కేసు నమోదైంది, 2014 మార్చి 27న దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. టీకాలు తప్పిపోయిన పిల్లల కోసం అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మిషన్ ఇంద్రధనుష్ ఆ జాబితాలనే అందిపుచ్చుకుంది.

ఇంకా వెనక్కి వెళితే మశూచి. 1971లో బంగ్లా శరణార్థుల కోసం కలకత్తా సాల్ట్‌లేక్‌లో వేసిన శిబిరంలో మశూచిని ఆటలమ్మ అనుకుని పొరబడ్డారు. యుద్ధం ముగిసి జనం తిరిగి వెళ్లేటప్పుడు ఆ జబ్బు వారితోపాటు బంగ్లాదేశ్‌కు చేరింది. 1975 మేలో భారత్‌లో చివరి మశూచి రోగి దొరికింది అస్సాంలోని కరీంగంజ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద, సరిహద్దు దాటి వచ్చిన ఒక బిచ్చగత్తె. ఇల్లు లేని మనిషిని వెతికి పట్టుకోగలిగినందుకే ఆ కథ ముగిసింది.

కోవిడ్ కాలంలో మాత్రం మనం తడబడ్డాం. కోవిన్ పోర్టల్‌లో నమోదుకు ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి చేశారు, దానితో పసిపిల్లల టీకాలకు లేని గడప పెద్దవాళ్లకు అడ్డొచ్చింది. 2021 మే 6న కేంద్రం ఆ తప్పు దిద్దుకుంది. కార్డులు లేని సంచారులు, బిచ్చగాళ్లు, ఆశ్రమాల్లో ఉన్నవారిని జిల్లా యంత్రాంగమే గుర్తించి, ఒక బాధ్యుడి ద్వారా నమోదు చేసి టీకా వేయవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆగస్టులో విదేశీయులకూ దారి తెరిచింది. ఇప్పుడు పిల్లల టీకాలకు యూవిన్ వచ్చింది, ఏ రాష్ట్రంలో వేసినా రికార్డు కనపడుతుంది. వలస కుటుంబాలకు ఇంతకన్నా మంచి కబురు లేదు. కానీ ఆ రికార్డు మొబైల్ నంబరుకు ముడిపడి ఉంది, కూలీల నంబర్లు సీజన్‌కు ఒకటి మారతాయి. కాగితం కార్డును, గుడ్డ సంచిని అప్పుడే అటక ఎక్కించవద్దని నా మనవి.

చేయాల్సింది ఇంకొకటి ఉంది. బట్టీల్లో చివరి కాల్పు మే నెలలో అవుతుంది, ఆ తర్వాత రైలే. ఆ వారానికి ముందే బట్టీలో ప్రత్యేక టీకా రోజు పెట్టుకుంటే పెండింగ్ డోసులు పడతాయి. మిగిలిన బిడ్డల జాబితా ఆంధ్రా నుంచి బలంగీర్‌కు, కుక్కునూరు నుంచి సుక్మాకు ఆ జిల్లాల టీకా అధికారుల చేతికి నేరుగా వెళ్లాలి, తల్లి మూటలోని కార్డు మీదే భారమంతా వేయకూడదు. ముంపు మండలాల నుంచి తాడువాయి కాలనీకి వచ్చిన పిల్లల విషయంలో ఇది తేలిక, జిల్లా ఒకటే, పాత ఉపకేంద్రం కాగితాలు కొత్త ఉపకేంద్రానికి చేరవేస్తే చాలు. రాష్ట్రం దాటే బిడ్డకు ఆ పని ఎవరిదన్నది ఇద్దరు జిల్లా అధికారులు ఒకసారి ఫోన్లో మాట్లాడుకుని ఖాయం చేసుకోవచ్చు. కార్డు మీద తేదీలు అంకెల్లో, టీకాల పేర్లు ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో విడివిడిగా రాస్తే తెలుగు రాని నర్సమ్మ కూడా చదవగలదు, మూడో డోసు ఏ వారంలో వేయాలో లెక్కకట్టుకోగలదు.